బ్రేకు టీచరమ్మ కుర్చీల కారు

ఆ ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద పొద్దున్న ఆరున్నరకల్లా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి. ముందు రెండు, వెనక రెండు. ముందు కుర్చీల్లో ఒకదానికి ఎదురుగా స్టూలు, దాని మీద నిలబెట్టి కట్టిన పెద్ద గిన్నె మూత. అదే స్టీరింగు. కింద వరసగా మూడు చెక్కముక్కలు: క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు. కారు నేర్చుకుందామని వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, మొదటి మూడు రోజులూ ఈ కారే నడపాలి. అసలు కారు పక్క షెడ్డులో ఉంటుంది. చూడొచ్చు, ముట్టుకోకూడదు.

"నేను బొమ్మలాట ఆడ్డానికి రాలేదండీ" అని మొహం మీదే అనేవాళ్ళుంటారు. టీచరమ్మ నొచ్చుకోదు.

"మంచిది. అయితే దారి చెప్పి బయల్దేరండి."

"ఏ దారి?"

"మీ ఇంటి నుంచి మీ ఆఫీసుకి. ఎక్కడ తిరుగుతారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ నెమ్మది చేస్తారు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి."

ఏళ్ళ తరబడి రోజూ తిరిగే దారిని నోటితో చెప్పమంటే పెద్దపెద్దవాళ్ళే నీళ్ళు నములుతారు. ఎలాగో గట్టెక్కామనుకునేసరికి ఆవిడ అసలు ప్రశ్న వేస్తుంది.

"ఆ దారి మూసేసి ఉంటే?"

"ఎందుకు మూస్తారండీ?"

"వాళ్ళిష్టం. పైపులు వేస్తున్నారు. మీరెటు పోతారు?"

దారి చెప్పనిదే తాళం తిప్పకూడదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడకి ఉన్న ఒకే ఒక్క రూలు ఇది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా కారెక్కి దారి గొణుక్కుంటూ కనిపిస్తే, పక్కనున్నవాళ్ళు జపం చేస్తున్నారేమోననుకుంటారు. నేర్పే కారులో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆవిడకి ఆ పేరే స్థిరపడింది. బ్రేకు టీచరమ్మ. ఎదురుగా అంటే నవ్వుతుంది, చాటుగా అంటే ఇంకా నవ్వుతుంది.

ఊళ్ళో సగంమందికి కారు నేర్పిన మనిషి తన మొగుడికి మాత్రం నేర్పలేకపోయింది. ఆయనకి పెద్దవీధిలో కళ్ళజోళ్ళ కొట్టు. అందరూ కళ్ళద్దాలాయన అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. అద్దం అరగదీస్తుంటే ఆయన చెయ్యి వెంట్రుకవాసి కూడా తొణకదు గాని, రోడ్డంటే మాత్రం హడల్. పెళ్ళయిన కొత్తలో ఒకసారి స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పకుండానే చెమటలు పట్టి దిగిపోయాడు. అప్పటినుంచీ వెనక సీటే. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆవిడ ఆయన్ని కొట్టు దగ్గర దింపాలి. దారి పొడుగునా వెనకనుంచి "అదిగో సైకిలు", "అదిగో గొయ్యి" అని చెవిలో జోరీగలా సన్నగా వినిపిస్తూ ఉండాలి. పిల్లలు లేరు. ఇద్దరికీ ఇద్దరే.

ఆరేళ్ళ కిందట ఆవిడకి రొమ్ములో గడ్డ వచ్చింది. కోసి తీశారు, మందులెక్కించారు, జుట్టు ఊడి మళ్ళీ ఉంగరాలు తిరిగి వచ్చింది. "పార్లరుకి వెళ్ళినా ఇంత బాగా రాదు" అని ఆవిడ అద్దంలో చూసుకుని మురిసింది కూడా. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నారు. ఈ ఏడు తుంటిలో నొప్పి మొదలైంది. అదీ బ్రేకు మీద పెట్టే కాలివైపు. ఇన్నేళ్ళు తొక్కినందుకు అరిగి ఉంటుందిలే అనుకుంది. పరీక్షలు చేస్తే పాతదే, ఈసారి ఎముకలోకి చేరింది.

డాక్టరమ్మ దాచలేదు. "దీన్ని వేళ్ళతోసహా పీకేస్తానని నేను మాటివ్వలేను. కానీ ముకుతాడు వేసి ఏళ్ళ తరబడి మన వెనక తిప్పుకోవచ్చు. అలా తిప్పుకుంటున్నవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు" అంది. తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. "మందులు మొదలుపెట్టకముందే ఒక గంట కూర్చుందాం. ఏ మందు, ఎన్నాళ్ళకోసారి, నొప్పికేం చెయ్యాలి, మీకేది ముఖ్యం, ఏది వద్దు, అన్నీ మాట్లాడి రాసుకుందాం. ఈ గంటకి ప్రభుత్వ బీమా వర్తిస్తుంది. ఎప్పుడైనా మీరు మాట్లాడలేని పరిస్థితి వస్తే మీ బదులు చెప్పే మనిషి ఒకరుండాలి. వాళ్ళని వెంట తీసుకురండి, వాళ్ళు కూడా సంతకం పెట్టాలి. బీమా ఆఫీసువాళ్ళు తేదీ వేసి ఉత్తరం పంపిస్తారు."

ఎముకలో ఏముందో తెలిసి గుండె జారిన మాట నిజమే. కానీ బయటికి వస్తుంటే టీచరమ్మకి ఆశ్చర్యంగా అనిపించింది. ఇన్నాళ్ళకి ఒక డాక్టరు తాళం తిప్పకముందు దారి అడిగింది.

ఆ సాయంత్రం కారులో మొగుడికి అంతా చెప్పింది. వెనక సీట్లో ఆయన కిటికీ అద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

"విన్నారా? ఆ సంతకం పెట్టే మనిషి మీరే."

"అదిగో సైకిలు" అన్నాడాయన.

రోడ్డు మీద సైకిలు లేదు.

పన్నెండు రోజులైనా ఉత్తరం రాలేదు. సోమవారం నుంచి మందులని ఆస్పత్రివాళ్ళు మాత్రం ఫోను చేశారు. బుధవారంనాడు టీచరమ్మ కుర్చీల పాఠం ముగించి, కాలు సలుపుతోందని కారు తియ్యకుండా బస్సెక్కి, బీమా ఆఫీసుకి వెళ్ళింది. పొడుగాటి హాలు, గోడవారన బెంచీలు, పైన తిరుగుతున్నానా లేదా అన్నట్టు తిరిగే ఫ్యాను. నాలుగో కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడింది. మూడుసార్లు తప్పి నాలుగోసారి లైసెన్సు తెచ్చుకున్న శిష్యురాలు. ఒకసారి మొక్కల దుకాణంలోకి కారు తోలి, పూలకుండీల మధ్య చక్కగా పార్క్ చేసింది.

"మేడమ్, మీరా? ఇంటికి కబురు పెడితే నేనే వచ్చేదాన్ని."

"నువ్వు కారులో వస్తానంటావేమోనని భయపడి నేనే వచ్చాను. నా ఉత్తరం ఏమైందో చూడమ్మా."

ఆ అమ్మాయి కంప్యూటరులో చూసింది. "తొమ్మిదిరోజుల కిందటే మీకు చేరింది మేడమ్. అందినట్టు సంతకం కూడా ఉంది" అని తెర ఇటు తిప్పింది.

టీచరమ్మకి చదవాల్సిన పనే లేకపోయింది. పేరు చివర రెండు సున్నాలు చుట్టి మధ్యలో చిన్న గీత గీసే సంతకం ఊరు మొత్తానికి ఒకటే. కళ్ళజోడు బొమ్మలాంటి సంతకం.

"మీటింగెప్పుడు?"

"ఎల్లుండి శుక్రవారం పదకొండింటికి. ఇది తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా ఖాళీ లేదు."

"ఈలోగా?"

"అందరికీ ఇచ్చే పద్ధతిలో మందులు మొదలుపెట్టేస్తారు. వారానికి మూడురోజులు అక్కడే ఉండాలి."

వారానికి మూడురోజులు. టీచరమ్మ మనసులో గచ్చు మీది కుర్చీలు ఒక్కొక్కటే మడతపడ్డాయి. ప్లాస్టిక్ కుర్చీలు మడతపడవని గుర్తొచ్చినా ఆ దృశ్యం పోలేదు.

"ఇంటికి నర్సుని పంపిస్తారని కూడా డాక్టరమ్మ అంది. అది తీసుకుంటే మందులు ఆపేస్తారా?"

"అబ్బే, లేదు మేడమ్. అది ఉపశమన సేవ. నొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం, దిగులు, ఇవన్నీ చూసుకునేది. చికిత్స దారి చికిత్సదే, ఈ సేవ దారి దీనిదే. రెండూ కలిసే నడుస్తాయి, రెండిటికీ బీమా వర్తిస్తుంది. ఉత్తరంలో ఉంది."

"ఎక్కడుంది?"

"రెండో పేజీలో."

"మొదటి పేజీలో ఏముంది?"

"పైన పెద్దక్షరాల్లో ఉపశమన సేవ అని ఉంది."

టీచరమ్మకి అంతా అర్థమైంది. కోపం రావాలి, రాలేదు. నవ్వు రాబోయి ఆగింది.

"మేడమ్, మీ బదులు మాట్లాడే మనిషి గడి ఖాళీగా ఉంది. ఎవర్ని రాయమంటారు?"

"ఉండనీ. ఎల్లుండికి నిండుతుంది. నిండకపోతే మా వదిన పేరు రాయాలి. ఆవిడ చేతిలో పెట్టావంటే నన్ను దూదిలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళంచెవి నడుముకి దోపుకుంటుంది."

ఆ మాట ఏ ముహూర్తాన అందోగాని, ఇల్లు చేరేసరికి రెండు సంచులతో వదినగారు దిగి ఉంది. కళ్ళద్దాలాయనకి పెద్దక్క. తమ్ముడు ఫోనులో ఏం చెప్పాడో ఏమో, గోరంత వింటే కొండంత చేసుకునే మనిషి, ఉన్నపళంగా బయల్దేరి వచ్చేసింది. ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తోంది.

"ఎందుకు లేచావు అమ్మాయ్?" అంది గుసగుసగా.

"నేను లేవలేదు వదినా. బస్సు దిగాను."

"బస్సా? తమ్ముడికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? పద, పక్క వేశాను, పడుకో."

"మధ్యాహ్నం పన్నెండింటికి ఏం పడక వదినా? మీరెందుకలా గుసగుసలాడుతున్నారు? ఎవరు నిద్రపోతున్నారు?"

వదినగారు ఒక్క క్షణం తడబడి, గొంతు కాస్త పెంచింది. "ఎవరూ లేరనుకో. ఇలాంటప్పుడు అలాగే మాట్లాడాలి."

టీచరమ్మ గచ్చు వైపు చూసింది. బోసిగా ఉంది. "నా కారేది?"

"ఆ కుర్చీలా? ఇంక వాటితో పనేముందిలే అని షెడ్డులోకి చేర్పించాను."

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. తుంటి ఎముక కన్నా లోపలెక్కడో. ఆవిడ మాట్లాడకుండా షెడ్డుకి వెళ్ళి ఒక కుర్చీ లాక్కొచ్చింది. రెండోదానికి వెళుతుంటే వదినగారే అడ్డంపడి, "నువ్వు మొయ్యకు, నేను తెస్తానుండు" అని సణుక్కుంటూ మిగతా మూడూ మోసింది. స్టూలు, మూత, చెక్కముక్కలు కూడా ఆవిడే తెచ్చింది. "ఇంతకీ ఇదెటు తిరగాలి?" అని మూత పట్టుకుని అడిగింది కూడా.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే కళ్ళద్దాలాయన కొట్టు మూసేసి నడిచొచ్చాడు. గేటు తీసి, గచ్చు మీద ఇద్దరు ఆడవాళ్ళూ తన కోసమే ఎదురుచూస్తూ ఉండటం చూసి, తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాడు. వదినగారు అప్పటికే వెనక కుర్చీలో ఉంది.

"రండి, కూర్చోండి" అంది టీచరమ్మ.

ఆయన అలవాటుగా అక్క పక్క కుర్చీ వైపు నడిచాడు.

"అక్కడ కాదు. ముందు."

"ముందా?"

"ఆ. మూత వెనక."

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇది కదలదని తెలిసినా రెండు చేతులతో మూతని గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.

"దారి చెప్పండి. మీ కొట్టు నుంచి ఇంటికి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. కొట్టు ముందు ఎడమవైపు చెప్పుల దుకాణం బోర్డు అడ్డంగా ఉంటుంది, కాస్త ముందుకొచ్చి చూసుకోవాలి. కూడలిలో దీపం తొందరగా మారుతుంది, పరిగెత్తించకూడదు. బ్యాంకు దాటాక మూత వంకరగా ఉన్న మ్యాన్‌హోల్. పాలబూత్ దగ్గర వంపు. "అక్కడ నువ్వు రెండో గేరుకి వస్తావు. ఎవరైనా నేర్చుకునేవాళ్ళు పక్కనుంటే అంతకన్నా కొంచెం ముందే వస్తావు."

టీచరమ్మ తలతిప్పి ఆయన వంక చూసింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా దారి చెప్పినవాడు ఒక్కడూ లేడు. వెనక సీట్లో కూర్చుని ఈయన రోడ్డుకి భయపడుతున్నాడనుకుంది గాని, రోడ్డుని వల్లిస్తున్నాడనుకోలేదు.

"ఆ దారి మూసేసి ఉంటే?"

"బ్యాంకు వెనక సందు. ఇరుకే కాని ఎదురు బండ్లు రావు."

"బాగుంది. ఇప్పుడు ఇంటి నుంచి ఆస్పత్రికి. శుక్రవారం పదకొండింటికి."

ఆయన చేతులు మూత మీదినుంచి జారి ఒళ్ళో పడ్డాయి.

"వదిలెయ్ అమ్మాయ్, వాడసలే..." అని వెనకనుంచి వదినగారు మొదలుపెట్టింది.

"వెనక సీట్లోవాళ్ళు మాట్లాడకూడదు వదినా. ఇన్నేళ్ళూ మీ తమ్ముడొక్కడికే ఆ సడలింపు."

వదినగారు నోరు మూసుకుని, పట్టుకోవడానికి ఏమైనా ఉందేమోనని అటూ ఇటూ చూసి, ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

కళ్ళద్దాలాయన జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. అందులో కళ్ళజోడు లేదు. ఎనిమిది మడతలు పడ్డ ఉత్తరం ఉంది.

"తొమ్మిది రోజులుగా ఇక్కడే మోస్తున్నాను" అన్నాడు జేబు మీద చెయ్యి వేసి. "పొమ్మనలేక పొగబెట్టినట్టు, ఇంక వైద్యం లేదని చెప్పలేక నర్సుని పంపుతున్నారనుకున్నాను. మనం ఆ మీటింగుకే పోకపోతే ఆ మాట ఎవరూ అనరు కదా అని."

"రెండో పేజీ చదివారా?"

"లేదు."

"మీ కొట్లో చార్టు ముందు కూర్చుని, పై వరసలో పెద్దక్షరం ఒక్కటి చదివేసి లేచిపోయేవాణ్ణి ఏం చేస్తారు?"

ఆయన ఒప్పుకున్నాడు. "మళ్ళీ కూర్చోబెట్టి కింద వరస కూడా చదివిస్తాను."

"చదవండి మరి."

మడతలు విప్పాడు. వదినగారు వెనకనుంచి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. చికిత్స కొనసాగుతూ ఉండగానే రోగికి, కుటుంబానికి ఉపశమన సేవ ఇంటి వద్ద అందుతుందనీ, దీనికోసం చికిత్స మానుకోవలసిన పని లేదనీ ఉంది. ఆయన ఆ వాక్యం ఒకసారి పైకి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు.

"అంటే మందులు ఆపరా?" అంది వదినగారు, రూలు మరిచిపోయి.

"ఆపరు."

"మరి నర్సెందుకు?"

"మన కారులో రెండో బ్రేకెందుకు వదినా? నా కాలి కింద అది ఉందని నేర్చుకునేవాడి చేతిలో స్టీరింగు ఎప్పుడైనా లాక్కున్నానా? బండి నడుస్తూనే ఉంటుంది. కుదుపు తగ్గుతుంది, నేర్చుకునేవాడికి ధైర్యంగా ఉంటుంది."

వదినగారికి అది నచ్చింది. నచ్చిందని చెప్పడం ఇష్టంలేక, "నర్సు వస్తే టీ తాగుతుందో లేదో" అంది.

కళ్ళద్దాలాయన ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు, అక్కడ నిజంగా రోడ్డున్నట్టు. "ఎప్పుడో ఒకరోజు ఆ మందులు పనిచెయ్యకపోతే?"

ఇన్ని రోజులూ ఆయన్ని తొలిచింది ఆ ప్రశ్నేనని ఆవిడకి తెలుసు. ఈసారి సైకిలు అడ్డం రానందుకు ఆవిడకి సంతోషం కూడా కలిగింది.

"అది మూసేసిన దారండీ. ఎటు తిరగాలో ఇప్పుడే చెప్పుకుంటే సరి. అక్కడికి వెళ్ళాక వెతుక్కుంటే కంగారు, వెనక బండ్లవాళ్ళ హారన్లు. అలాంటప్పుడు నన్ను ఆస్పత్రిలో గొట్టాల మధ్య ఉంచొద్దు. ఇంటికి తీసుకొచ్చెయ్యండి. ముందు గదిలో, కిటికీ దగ్గర మంచం. గచ్చు కనిపించాలి. నొప్పి లేకుండా చూడమని ఆ నర్సుకి గట్టిగా చెప్పండి. ఏడిస్తే ఏడవండిగాని గుసగుసలాడకండి, నాకు వినపడదు."

చివరి మాటకి వెనక కుర్చీ కిర్రుమంది. కళ్ళద్దాలాయన మాత్రం మెల్లిగా మూత మీద చేతులు పెట్టాడు.

"ఇంకోసారి చెప్పు. వరస తప్పకూడదు కదా" అన్నాడు.

శుక్రవారం ముగ్గురూ బస్సులో వెళ్ళారు. వదినగారు ఫ్లాస్కు పట్టుకుంది. చిన్న గది, గుండ్రటి బల్ల, గోడకి తగిలించిన క్యాలెండరు. డాక్టరమ్మ పక్కన నెరిసిన జుట్టు, నవ్వు మొహం ఉన్న ఒకావిడ కూర్చుంది. ఇళ్ళకి వచ్చే నర్సమ్మ ఆవిడేనట. వదినగారు ఆవిణ్ణి పైనుంచి కిందదాకా చూసి, ఫ్లాస్కు మూతలో టీ పోసి ముందు పెట్టింది. ఆవిడ తాగింది. దాంతో సగం గండం గడిచింది.

"మీకన్నిటికన్నా ఏది ముఖ్యం?" అని అడిగింది డాక్టరమ్మ.

"పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదింటిదాకా నేను ఆస్పత్రిలో ఉండకూడదు" అంది టీచరమ్మ తడుముకోకుండా. "పాఠాలున్నాయి."

డాక్టరమ్మ నవ్వి రాసుకుంది. మూడు వారాలకోసారి, మధ్యాహ్నం పూట ఇచ్చి సాయంత్రానికి పంపించే మందులకి ఖాయం చేశారు. తుంటికి కొన్నిరోజులు కిరణాల చికిత్స. గురువారం గురువారం నర్సమ్మ ఇంటికి రావడం. అంతా సాఫీగా నడుస్తుండగా డాక్టరమ్మ కలం ఆపింది.

"ఒక్కటి. నొప్పికి గట్టి మందు వాడుతున్నన్నాళ్ళు మీరు రోడ్డు మీద బ్రేకు దగ్గర కూర్చోకూడదు."

టీచరమ్మ బేరమాడి చూసింది. ఖాళీ రోడ్లలోనే అంది. తెల్లవారుజామునే అంది. మందు సగమే వేసుకుంటానంది.

"మందు మత్తులో ఉన్న మనిషిని మీరైతే ఆ సీట్లో కూర్చోనిస్తారా?" అని అడిగింది డాక్టరమ్మ.

టీచరమ్మ ఒక్కసారిగా చేతిసంచీ తెరిచి అందులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. బ్రేకు లేని బ్రేకు టీచరమ్మ అంటే ఇంకేం మిగిలినట్టు?

అప్పుడు కళ్ళద్దాలాయన గొంతు సవరించుకున్నాడు. "రోడ్డు పాఠం వేరేవాళ్ళు చెప్పొచ్చు. మొదట్లో నీ దగ్గర నేర్చుకుని ఇప్పుడు స్కూలు బస్సు నడిపే ఆవిడ ఉందిగా, అడిగితే కాదనదు. కుర్చీల పాఠం మాత్రం నువ్వు తప్ప ఎవరూ చెప్పలేరు. మూడు రోజులది వారం చేద్దాం. నీ దగ్గరికి అసలు జనం వచ్చేది దానికే."

"కుర్చీల పాఠమంటే ఏమిటి?" అంది డాక్టరమ్మ.

నోట్లో నాలుక లేని ఆ మనిషి లేచి, బల్ల ఓ పక్కకి జరిపి, ఆస్పత్రివాళ్ళ కుర్చీలు నాలుగు లాగి రెండు ముందు, రెండు వెనక వేశాడు. డాక్టరమ్మని ముందు కూర్చోమన్నాడు. ఆవిడ చేతికి ఫైలు అట్ట ఇచ్చాడు, స్టీరింగుగా.

"దారి చెప్పండి. మీ ఇంటి నుంచి ఇక్కడికి."

డాక్టరమ్మ రెండో మలుపులోనే తప్పిపోయింది. "నేనెప్పుడూ వెనక కూర్చుని ఫోను చూసుకుంటానండీ" అని ఒప్పుకుంది. నర్సమ్మ టీ పొలమారేలా నవ్వింది. టీచరమ్మ సంచీలో వెతకడం ఆపేసింది. "వచ్చే సోమవారం ఆరున్నరకి రండి. మందులు మొదలయ్యేది మధ్యాహ్నమేగా" అంది.

కుర్చీలు మళ్ళీ యథాస్థానానికి చేరాక డాక్టరమ్మ చివరి కాగితం తీసింది. "ఈవిడ బదులు మాట్లాడేది మీరేనా? ఈవిడ కోరిక ఏమిటో మీ నోటితో చెప్పండి."

కళ్ళద్దాలాయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు, మూత పట్టుకున్నట్టు.

"ముందు తిన్నగా వెళ్తాం. మందులు, కిరణాలు, మీరు చెప్పినట్టు. నొప్పి ఎక్కువైతే గురువారం దాకా ఆగం, నర్సమ్మగారికి ఫోను చేస్తాం. ఒక మందు పనిచెయ్యకపోతే ఇంకో మందు ఉందేమో అడుగుతాం. అదీ లేదని మీరంటే" ఇక్కడ కాస్త ఆగాడు, కూడలి దగ్గర ఆగినట్టు, "అక్కడనుంచి ఇంటికి తిప్పేస్తాం. ముందు గది, కిటికీ దగ్గర మంచం. గొట్టాలు వద్దు. గచ్చు కనిపించాలి. ఎవరూ గుసగుసలాడకూడదు."

ఒక్క మలుపు కూడా తప్పలేదు. డాక్టరమ్మ అంతా రాసి కాగితం ఇటు తోసింది. ఆయన కళ్ళజోడు బొమ్మలాంటి సంతకం పెట్టాడు. టీచరమ్మ కింద పెట్టింది. తనకీ ఏదైనా కాగితం ఇస్తారేమోనని వదినగారు కలం పట్టుకుని చూసింది గాని, ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ గచ్చు మీద కుర్చీలు ఐదు. ఐదోది గురువారాల్లో నర్సమ్మకి. పాఠం మధ్యలో వస్తే ఆవిడ కదలకుండా కూర్చుని, ఒకొక్కప్పుడు తనే "ఆ దారి మూసేసి ఉంటే?" అని అడుగుతుంది. టీచరమ్మకి జుట్టు ఈసారి ఊడలేదు. "ఆ ఉంగరాల కోసం ఇంకోసారి ఆశపడ్డాను" అంటుంది. మందు ఎక్కిన మర్నాడు ఒళ్ళు హూనమైపోతుంది. ఆ రోజు ఆవిడ కిటికీలోంచి పాఠం చెబుతుంది, గొంతు మామూలుకన్నా పెద్దది చేసి. వదినగారు సంచులు సర్దుకుని వెళ్ళిపోతానని వారానికోసారి అంటుంది. ఇంకా వెళ్ళలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి మూత ఎటు తిరగాలో ఆవిడే చూపిస్తోంది.

కళ్ళద్దాలాయన నాలుగు నెలలు నేర్చుకున్నాడు. అందులో ఒక నెల మొత్తం కుర్చీలోనే. పరీక్షలో మొదటిసారి తప్పాడు. అతి నెమ్మదిగా నడిపినందుకు. బీమా కౌంటరు అమ్మాయికి ఆ కబురు తెలిసి, "నా లెక్కకి మీకింకా రెండుసార్లు తక్కువ సార్, మీరు నన్ను అందుకోవాలి" అని ఫోను చేసి మరీ ధైర్యం చెప్పింది. ఆయన రెండోసారికే పాసై ఆ అమ్మాయిని నిరాశపరిచాడు.

మొన్న మందుల రోజున ఆయన మొదటిసారి భార్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. స్కూలు బస్సావిడ పక్కనుంటానంది గాని, అక్కర్లేదన్నాడు. ముందు సీట్లో ఆయన పక్కన వదినగారు, బెల్టు రెండు చేతులతో పట్టుకుని. వెనక సీట్లో టీచరమ్మ, కాలు చాపుకోవడానికి వీలుగా దిండు పెట్టుకుని. ఆ సీటునుంచి తన కారుని ఆవిడెప్పుడూ చూడలేదు.

"తాళం తిప్పనా?" అన్నాడు.

"దారి చెప్పారా?"

చెప్పాడు. పాలబూత్ దగ్గర రెండో గేరు కూడా.

కారు కదిలింది. మొదటి కూడలిలో ఆయన కన్నా ముందే టీచరమ్మ పాదం వెనక సీట్లో లేని బ్రేకుని గట్టిగా తొక్కింది. దిండు జారిపోయింది. రెండో కూడలిలో కాస్త మెల్లిగా తొక్కింది. ముందు నుంచి వదినగారు "అదిగో సైకిలు" అంటుంటే, "చూశానక్కా" అని ఆయన నింపాదిగా అనడం వినిపించింది. ఈసారి నిజంగానే సైకిలు ఉంది. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. ఆ వీధిలో అన్ని మేడలున్నాయని, ఒక మేడ మీద ఎవరో పావురాలకి గూళ్ళు కట్టారని ఆవిడకి ఇన్నేళ్ళలో తెలియదు.

మూడో కూడలి ఎప్పుడు దాటిందో ఆవిడ కాలికి తెలియలేదు.